డాఫోడిల్స్‌లో ఏ రకం నాటాలి? రంగు కంటే ముందు చూడాల్సినవి

సెప్టెంబర్ రాగానే అమెరికాలో కాస్ట్‌కో, హోమ్ డిపో లాంటి షాపుల్లో వసంతంలో పసుపు, తెలుపు పూలు పూసే డాఫోడిల్ బల్బుల, అంటే నేలలో నాటే గడ్డల, సంచులు కనిపిస్తాయి. ప్రతి సంచి మీదా నిండుగా విచ్చుకున్న పువ్వు ఫోటో ఉంటుంది. మనవాళ్ళు చాలామంది ఆ ఫోటో చూసి, రంగు బాగుంది కదా అని రెండు సంచులు బండిలో వేసుకుంటారు. వసంతంలో ఒకరి ఇంటి ముందు పూలు విరగబూస్తాయి. ఇంకొకరికి మొదటి ఏడాది బాగా పూసి, రెండో ఏడాదికి ఆకులు మాత్రమే మిగులుతాయి. హ్యూస్టన్‌లోనో శాన్ హోసేలోనో ఉన్నవాళ్ళకైతే ఒక్కోసారి మొగ్గే సరిగ్గా రాదు. నేల, నీళ్ళు కొంత కారణమే గానీ, చాలావరకు తేడా వచ్చేది రకం ఎంచుకోవడంలోనే.

అందుకే నా సలహా ఒక్కటే. రంగు చివర చూడండి. ముందు మీ ఊరి చలికాలం, ఎండాకాలం ఎలా ఉంటాయో చూసుకోండి. పూలు ఏ వారాల్లో కావాలి, ఏటా తిరిగి రావాలా, ఒక్కసారి పూస్తే చాలా అన్నది తేల్చుకోండి. ఇవి తేలేసరికి వేల రకాల్లో మీకు పనికొచ్చేవి ఐదారు మిగులుతాయి. వాటిలో నచ్చిన రంగు తీసుకోవచ్చు. నేనుండేది న్యూజెర్సీ కాబట్టి నెలలు, వారాలు ఇక్కడి లెక్కలో చెప్తాను. మిగతా ఊళ్ళకు తేడా ఎక్కడొస్తుందో అక్కడక్కడా చెప్తాను.

ట్యులిప్‌లు పెట్టుకోకూడదా?

ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, ఎందుకంటే రంగుల్లో ట్యులిప్‌కి సాటి లేదు. ఎరుపు, ఊదా, నలుపుకి దగ్గరగా ఉండే ముదురు రంగు కూడా దొరుకుతుంది. డాఫోడిల్స్‌లో పసుపు, తెలుపు, నారింజ, లేత గులాబీ, వీటి కలయికలు. అంతే.

కానీ సబర్బ్‌లో ఇల్లున్నవాళ్ళకి జింకల సంగతి తెలిసే ఉంటుంది. ట్యులిప్ మొగ్గ వచ్చిన రాత్రే కొరికి పోతాయి. నేలలో గడ్డల్ని ఉడతలు తవ్వి తింటాయి. డాఫోడిల్ గడ్డలో, ఆకులో, కాడలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి జింకలు, ఉడతలు, బొరియల్లో తిరిగే ఎలుకలు దాని జోలికి రావు. కొత్తగా తవ్విన మట్టి చూసి ఉడతలు గడ్డని పైకి లాగి పడేయడం మాత్రం ఉంటుంది. మళ్ళీ లోపల పెట్టేస్తే సరిపోతుంది.

ఇంకో తేడా ఇంతకంటే పెద్దది. షాపుల్లో దొరికే పెద్ద పూల హైబ్రిడ్ ట్యులిప్‌లు ఇక్కడి వాతావరణంలో ఒకటి రెండేళ్ళకే బలహీనపడతాయి. చాలా పార్కుల్లో వాటిని ఏటా పీకేసి కొత్తవి నాటుతారు. డాఫోడిల్ నచ్చిన చోట పడితే ఏటా పిల్లగడ్డలు పెడుతుంది. ఐదు గడ్డలు నాటిన చోట కొన్నేళ్ళకి పెద్ద గుబురు తయారవుతుంది. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో పోయినవాళ్ళ జ్ఞాపకంగా డాఫోడిల్ ప్రాజెక్ట్ మొదలుపెట్టి, వాలంటీర్లతో పార్కుల్లో, రోడ్డు పక్క చెట్ల పాదుల్లో నాటిస్తున్నారు. పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆ చెట్ల పాదుల్లో కూడా అవి మళ్ళీ మళ్ళీ పూస్తాయి. 2007లో డాఫోడిల్ ఆ నగరానికి అధికార పుష్పం కూడా అయింది.

కాబట్టి జింకలు తిరిగే చోట, ఏటా తవ్వే ఓపిక లేనివాళ్ళకి డాఫోడిలే సరి. కంచె ఉన్న పెరడు, రంగుల మీద మోజు, ఏటా కొత్త గడ్డలు కొనే బడ్జెట్ ఉంటే ట్యులిప్‌లు పెట్టుకోవచ్చు. రెండూ కావాలనుకుంటే ట్యులిప్‌లు గుమ్మం పక్క కుండీల్లో, డాఫోడిల్స్ నేలలో పెట్టండి. డాఫోడిల్స్‌కి లేని నీలం రంగు కావాలంటే వాటి పాదాల దగ్గర మస్కారీ గడ్డలు చల్లినట్టు నాటండి. చిన్న ద్రాక్షగుత్తుల్లా నీలంగా పూస్తాయి, జింకలు మామూలుగా వాటినీ ముట్టుకోవు, ఖరీదూ తక్కువ.

మీ ఊరు ఏ జోన్? అది ఒక్కటే చాలదు

అమెరికా వ్యవసాయ శాఖ హార్డీనెస్ మ్యాప్‌లో మీ జిప్ కోడ్ కొడితే జోన్ నంబర్ వస్తుంది. ఈ మ్యాప్‌ని 2023లో సవరించారు. పాత నంబర్ గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఒకసారి మళ్ళీ చూసుకోవడం మంచిది. చాలా డాఫోడిల్స్‌కి 3 నుంచి 8 దాకా పర్వాలేదు.

అయితే ఈ నంబర్ చెప్పేది చలికాలంలో ఉష్ణోగ్రత ఎంత కిందికి పడుతుందో మాత్రమే. సియాటిల్, డాలస్ రెండూ దాదాపు ఒకే జోన్‌లోకి వస్తాయి. సియాటిల్‌కి ఉత్తరాన స్కాజిట్ లోయలో డాఫోడిల్ పొలాలే ఉంటాయి. డాలస్‌లో అవే రకాలు చాలా ఇబ్బంది పడతాయి. కారణం ఎండాకాలం. పూలు అయిపోయి ఆకులు ఎండాక గడ్డ నిద్రలోకి పోతుంది. ఆ సమయంలో దానికి కావలసింది పొడి నేల. సియాటిల్‌లో జులై, ఆగస్టు నెలలు చల్లగా, పొడిగా ఉంటాయి. డాలస్‌లో నేల కాలిపోతుంటే లాన్ కోసం స్ప్రింక్లర్ తిప్పుతూనే ఉంటాం. వేడి, తడి రెండూ కలిస్తే గడ్డ అడుగు భాగం కుళ్ళిపోతుంది. టెక్సస్‌లో డాఫోడిల్ పోయిందంటే చలి చాలలేదని అనుకుంటారు గానీ, చాలాసార్లు దాన్ని చంపింది ఆగస్టు నెల స్ప్రింక్లరే.

ఆకురాలు కాలంలో నాటిన గడ్డ వసంతంలో సరిగ్గా పూయాలంటే సుమారు 12 నుంచి 16 వారాలు చల్లటి నేలలో ఉండాలి. నేల 48 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 9 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉండాలన్నమాట. న్యూజెర్సీ, వర్జీనియా, చికాగో, మినియాపొలిస్‌లలో ఇది దానంతటదే జరిగిపోతుంది. అట్లాంటాలో చాలా రకాలకు సరిపోతుంది. అక్కడికి ఉత్తరాన బాల్ గ్రౌండ్‌లో గిబ్స్ గార్డెన్స్‌లో కొండ వాలంతా డాఫోడిల్సే ఉంటాయి, మార్చిలో వెళ్ళి చూస్తే మీ ప్రాంతంలో ఏవి బాగా వస్తాయో కళ్ళారా తెలుస్తుంది. డాలస్‌లో ఎంచుకుని నాటాలి. హ్యూస్టన్ వాళ్ళకి, శాన్ హోసే ఉన్న బే ఏరియా వాళ్ళకి పెద్ద బాకా రకాలు (పువ్వు మధ్యలో పొడవాటి గొట్టం ఉండేవి) ఏటా రావాలన్న ఆశ వద్దు.

ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపించవచ్చు కదా అని కొందరు అంటారు. చూపించవచ్చు. కానీ మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి, ఆ మూడు నెలలూ పక్కన పండ్లు ఉండకూడదు. ఆపిల్, అరటి లాంటి పండ్ల నుంచి వచ్చే ఇథిలిన్ వాయువు లోపలి మొగ్గని పాడుచేస్తుంది. పైగా విషం ఉన్న గడ్డలు కూరగాయల పక్కన పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. విడిగా ఇంకో ఫ్రిజ్ ఉంటే తప్ప ఆ పని పెట్టుకోవద్దు. ఆ ఊళ్ళకి సరిపడే రకాలు వేరే ఉన్నాయి.

డాలస్‌లో కార్ల్‌టన్, ఐస్ ఫాలీస్ తట్టుకుంటాయి. సన్నటి ఆకులతో, ఒక కాడకి రెండు మూడు పూలతో వచ్చే జాంక్విల్ జాతులు ఇంకా నయం, వాటికి వేడి నేల అంటే అంత భయం లేదు. హ్యూస్టన్‌లో టాజెట్టా జాతి పెట్టుకోండి: గ్రాండ్ ప్రిమో, ఎర్లీచీర్, పేపర్‌వైట్. ఇవి గుత్తులుగా పూస్తాయి, చలి పెద్దగా అడగవు, దక్షిణాది రాష్ట్రాల్లో పాత ఇళ్ళ దగ్గర ఎవరూ చూడకపోయినా దశాబ్దాలుగా పూస్తున్నాయి. బే ఏరియాలోనూ ఇవే. అక్కడ వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళు పెట్టని మూల దొరికితే చాలు. ఇదే పేపర్‌వైట్‌ని చికాగోలో నేలలో నాటితే చలికి పోతుంది. ఒక ఊరికి మంచి రకం ఇంకో ఊరికి దండగ అవుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో ఉన్నవాళ్ళకి ఈ తలనొప్పులేవీ లేవు. ప్రపంచంలో డాఫోడిల్స్ అన్నిటికన్నా ఎక్కువగా పండేది బ్రిటన్‌లోనే. అక్కడ సెప్టెంబర్‌లోనే నాటేయాలి, పేపర్‌వైట్ తప్ప దాదాపు ఏ రకమైనా వస్తుంది.

నాలుగు రకాలు, ముఖాముఖి

బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ డాఫోడిల్స్‌ని 13 తరగతులుగా విడదీసింది. అవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొదటిసారి నాటేవాళ్ళు చాలావరకు ఈ నాలుగింటి మధ్యే తేల్చుకోవాల్సి ఉంటుంది: డచ్ మాస్టర్, ఐస్ ఫాలీస్, టెటాటెట్, థాలియా.

డచ్ మాస్టర్ అంటే మనందరి ఊహలో ఉండే డాఫోడిల్. పొడవాటి కాడ, ఒక్కటే పెద్ద పువ్వు, నిండు పసుపు రేకులు, మధ్యలో అదే పసుపులో బాకా. సంచి మీద కింగ్ ఆల్ఫ్రెడ్ అని రాసి ఉన్నా లోపల ఉండేది సాధారణంగా ఇదీ, ఇలాంటివే. అసలు కింగ్ ఆల్ఫ్రెడ్ 1899 నాటి రకం, ఇప్పుడు అరుదు. ఆ పేరు మాత్రం పెద్ద పసుపు డాఫోడిల్ అన్నదానికల్లా వాడేస్తున్నారు. దూరం నుంచి, కారులో వెళ్తున్నా కనిపించేలా పూయాలంటే డచ్ మాస్టర్ మంచిదే. ఏప్రిల్ గాలివాన వస్తే మాత్రం పెద్ద తల, పొడవు కాడ కాబట్టి వంగిపోతుంది. ఇంటి మూల మీద గాలి కొట్టే చోట పెట్టకండి.

ఐస్ ఫాలీస్ నాకు అన్నిటికన్నా నమ్మకమైన రకం. తెల్లటి రేకులు, మధ్యలో వెడల్పుగా, దాదాపు బల్లపరుపుగా పరుచుకున్న కప్పు, దాని అంచు కుచ్చులు పెట్టినట్టు ముడతలుగా ఉంటుంది. విచ్చుకున్న రోజు కప్పు నిమ్మపండు పసుపులో ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ పసుపు అంచు నుంచి లోపలికి తగ్గుతూ మీగడ రంగుకి వస్తుంది. ఒకే గుబురులో ముందు విచ్చినవి, తర్వాత విచ్చినవి కలిసి మూడు నాలుగు ఛాయలు ఒకేసారి కనిపిస్తాయి. డచ్ మాస్టర్ పూసే రోజుల్లోనే పూస్తుంది, చలినీ తట్టుకుంటుంది, దక్షిణాది వేడినీ చాలావరకు తట్టుకుంటుంది, త్వరగా గుబురు కడుతుంది. ఒక్క రకమే నాటాలి, ఏది అని అడిగితే ఇదే చెప్తాను. పసుపే కావాలంటే దీనికి జోడీ డచ్ మాస్టర్ కాదు, కార్ల్‌టన్. పువ్వు కాస్త సాదాగా ఉంటుంది గానీ ఎక్కువ ఏళ్ళు నిలుస్తుంది, దగ్గరికెళ్తే వెనీలా లాంటి లేత వాసన వస్తుంది.

టెటాటెట్ పొట్టిది, జానెడు దాటదు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో అలెక్ గ్రే అనే ఆయన తయారుచేసిన రకం. ఒక్కో కాడకి ఒకటి నుంచి మూడు చిన్న పసుపు పూలు. పెద్ద రకాల కంటే వారం, పది రోజులు ముందే పూస్తుంది, వాన వచ్చినా పడిపోదు. మెట్ల పక్కన, నడిచే దారి అంచున, కుండీలో దీన్ని మించింది లేదు. దీనికి ఇంకో మంచి గుణం ఉంది, దాని విలువ మేలో తెలుస్తుంది: ఆకులు చిన్నవి కాబట్టి పూలు అయిపోయాక ఎండే ఆకుల చెత్త పెద్దగా కనిపించదు. లోపం ఒక్కటే, దూరానికి ఆనదు. రోడ్డు మీదనుంచి కనిపించాలని పెద్ద లాన్ మధ్యలో పది గడ్డలు నాటితే ఉన్నట్టే తెలియదు.

థాలియా స్వచ్ఛమైన తెలుపు. 1916 నుంచి ఉన్న రకం. ఒక్కో కాడకి రెండు మూడు పూలు కొద్దిగా తల వంచుకుని ఉంటాయి. రేకులు సన్నగా ఉంటాయి, మంచి వాసన ఉంటుంది. పెద్ద పసుపు రకాలు వాడిపోయే సమయానికి, న్యూజెర్సీలో ఏప్రిల్ మూడో వారం ప్రాంతంలో, ఇది అందుకుంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పెరట్లో కూర్చునే అలవాటు ఉంటే తెలుపే నాటండి. చీకటి పడ్డాక పసుపు కనబడదు, తెలుపు చాలాసేపు కనబడుతుంది. కొంచెం నీడ ఉన్నా పూస్తుంది.

50 గడ్డలకే బడ్జెట్ అనుకుంటే నా లెక్క ఇది: 20 ఐస్ ఫాలీస్, 15 టెటాటెట్, 15 థాలియా. టెటాటెట్‌తో మొదలై థాలియాతో అయిపోయేసరికి దాదాపు ఐదారు వారాలు ఏదో ఒకటి పూస్తూ ఉంటుంది. ఒకే రకం 50 నాటితే రెండు మూడు వారాల్లో సంబరం అయిపోతుంది. రకరకాలు కలిపిన మిక్స్ సంచులు చవకే గానీ, అందులో ఏది ఎప్పుడు పూస్తుందో తెలియదు, ఒక్కొక్కటి అక్కడక్కడ పూసి ఏదీ నిండుగా ఉండదు. ఒక్కో రకాన్నీ ఐదు, ఏడు చొప్పున గుబురుగా నాటితే కంటికి ఆనుతుంది.

ఆశపెట్టే రకాలు

కేటలాగ్‌లో ముందు కళ్ళు పడేది గులాబీ కప్పుల మీద, ముద్ద పూల మీద. వీటిని వద్దనను, ఐస్ ఫాలీస్ లాంటి గట్టివి నాటిన తర్వాత పెట్టుకోండి.

గులాబీ అన్నది నిజానికి లేత పీచ్ రంగు. సలోమీ అనే రకంలో కప్పు మొదట పసుపు కలిసిన రంగులో విచ్చుకుని, కొన్ని రోజులకి పీచ్ గులాబీకి తిరుగుతుంది. మొదటి రోజు చూసి తప్పు రకం పంపారని కంగారు పడకండి. మధ్యాహ్నం ఎండ నేరుగా తగిలితే గులాబీ, నారింజ రెండూ వెలిసిపోతాయి. ఉదయపు ఎండ చాలు వీటికి.

ముద్ద రకాల్లో తహీతి గట్టిది. పసుపు రేకుల మధ్య నారింజ రేకులు పొరలు పొరలుగా ఉంటాయి. అయినా వానలో తడిసిన ముద్ద పువ్వు బరువుకి వంగడం మామూలే. వసంతంలో ఒక్కసారిగా వేడి పెరిగే ఊళ్ళలో ముద్ద రకాల మొగ్గలు విచ్చుకోకుండానే ఎండిపోతుంటాయి. టెక్సస్ వాళ్ళు వీటి మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది. న్యూజెర్సీ కంటే ఉత్తరాన ఉన్నవాళ్ళకి బాగా వస్తాయి.

వాసన కోసమైతే జెరేనియం చూడండి. తెల్లటి రేకులు, నారింజ కప్పు, గుత్తిగా పూస్తుంది, రెండు కాడలు గదిలో పెడితే చాలు. బాగా చలి ఉన్న ఊళ్ళకి ఆక్టియా. తెల్లటి పెద్ద రేకుల మధ్య చిన్న పసుపు కన్ను, దాని చుట్టూ ఎర్రటి గీత. అందరి పూలూ అయిపోయాక ఏప్రిల్ చివర్లో, ఇంకా చలి ఊళ్ళలో మేలో పూస్తుంది. మినియాపొలిస్‌లో ఉన్నవాళ్ళు నా మాట విని ఇది నాటండి. హ్యూస్టన్ వాళ్ళు దీని జోలికి పోవద్దు.

ఉగాదికి పూయాలంటే

ఇది చాలామంది తెలుగువాళ్ళ కోరిక, తీరే కోరికే. కాకపోతే ఉగాది ఏటా మారుతుంది. ఇండియా క్యాలెండర్ ప్రకారం 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19, 2027లో ఏప్రిల్ 7. న్యూజెర్సీలో మార్చి మూడో వారానికి పూలు కావాలంటే ముందుగా పూసే రకాలతో తప్ప కాదు: ఫిబ్రవరి గోల్డ్, టెటాటెట్, రేకులు వెనక్కి విరిచినట్టుండి నారింజ కప్పుతో వచ్చే జెట్‌ఫైర్. వాటిని దక్షిణం వైపు గోడ పక్కన నాటండి. ఇటుక గోడ పగటి వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడ పూత ముందుకు జరుగుతుంది. ఏప్రిల్‌లో వచ్చే ఉగాదికి ఐస్ ఫాలీస్, కార్ల్‌టన్ సరిగ్గా అందుతాయి. అట్లాంటాలో ఇవి ఫిబ్రవరి చివర, మార్చిలోనే అయిపోతాయి కాబట్టి అక్కడివాళ్ళు ఏప్రిల్ ఉగాది కోసం ఆలస్యంగా పూసే రకాలు చూసుకోవాలి. చికాగో వాళ్ళకి మార్చి ఉగాదికి నేలలో పూలు దొరకడం కష్టం, షాపులో కుండీ తెచ్చుకోవడమే దారి.

పూజ గదిలో అలంకారానికి పెట్టుకోవచ్చు గానీ నైవేద్యం పళ్ళెం పక్కన, ఉగాది పచ్చడి గిన్నె పక్కన వద్దు. కోసిన కాడ నుంచి జిగురు కారుతుంది. ఆ జిగురు కలిసిన నీళ్ళలో ట్యులిప్‌లు, గులాబీలు కూడా త్వరగా వాడిపోతాయి. కోసిన డాఫోడిల్స్‌ని కొన్ని గంటలు విడిగా నీళ్ళలో ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, కాడ మళ్ళీ కత్తిరించకుండా వేరే పూలతో కలపండి.

గడ్డలు కొనాలా, కుండీ కొనాలా?

సొంత ఇల్లు ఉంటే గడ్డలే. ఒక్కో గడ్డకయ్యే ఖర్చు చాలా తక్కువ. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటే, ఏడాదిలో ఇల్లు మారే ఆలోచన ఉంటే, ఫిబ్రవరిలో కిరాణా షాపుల్లో మొగ్గలతో అమ్మే చిన్న కుండీ కొనుక్కోండి. అందులో ఉండేది ఎక్కువగా టెటాటెటే. పూలు అయిపోయాక ఆ కుండీ పారేయకుండా స్నేహితుల పెరట్లో నాటితే ఒకటి రెండేళ్ళలో మళ్ళీ పూతకొస్తుంది.

గడ్డ కొనేటప్పుడు సంచి మీది ఫోటో వదిలేసి చేత్తో పట్టుకుని చూడండి. బరువుగా, గట్టిగా ఉండాలి. అడుగున వేళ్ళు వచ్చే చోట బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయిందంటే కుళ్ళు మొదలైనట్టే. పైపొర గోధుమ రంగు పొట్టు ఊడిపోయినా ఫర్వాలేదు, బూజు ఉంటే వద్దు. సంచి మీద 14/16 అనో 16/18 అనో ఉంటే అది గడ్డ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. పెద్ద గడ్డకి పక్కనే అతుక్కుని ఇంకో మొన ఉంటే రెండు కాడలు పూలొస్తాయి. అదే రకంలో చిన్న గడ్డలు 20 కొనడం కంటే పెద్దవి 12 కొనడం మొదటి ఏడాదికి మేలు. టెటాటెట్ లాంటి పొట్టి రకాల గడ్డ ఎలాగూ చిన్నదే, దాన్ని పెద్దవాటితో పోల్చకండి.

నవంబర్ చివర్లో సగం ధరకి అమ్మేవి కొనొచ్చా అంటే, గట్టిగా ఉంటే కొనండి. నేల గడ్డకట్టనంతవరకు నాటొచ్చు. మొదటి వసంతంలో కాడలు కాస్త పొట్టిగా, ఆలస్యంగా రావచ్చు, తర్వాతి ఏడాది సర్దుకుంటుంది. వచ్చే ఏడాదికి దాచుకుందాం అనుకుంటే మాత్రం గడ్డ ఎండిపోతుంది.

నేలలోనా, లాన్‌లోనా

నాటడంలో పెద్ద విద్యేమీ లేదు. న్యూజెర్సీలో అక్టోబర్ నుంచి నవంబర్ మధ్య వరకు, వర్జీనియాలో నవంబర్, డాలస్‌లో నవంబర్ చివర నుంచి డిసెంబర్. గడ్డ ఎత్తుకి మూడింతల లోతు, అంటే పెద్దవాటికి ఆరు అంగుళాలు, మొన పైకి. గడ్డకీ గడ్డకీ మధ్య ఆరు అంగుళాలు వదలండి, చిన్నవాటికి మూడు చాలు. పచ్చి పశువుల ఎరువు వేయకండి, కుళ్ళు తెస్తుంది. న్యూజెర్సీలో చాలాచోట్ల ఉండే బంకమన్నులో నీరు నిలుస్తుంది. అక్కడ లోతుగా తవ్వడం కంటే, మట్టి పోసి కొంచెం ఎత్తు చేసుకుని నాటడం నయం. రోజుకి ఆరు గంటల ఎండ కావాలి. అయితే వేసవిలో నీడనిచ్చే ఆకురాల్చే చెట్ల కింద కూడా పర్వాలేదు, చెట్టు చిగురించేలోపే వీటి పని అయిపోతుంది.

ఎంపికలో అందరూ మర్చిపోయేది పూత అయ్యాక ఆకుల సంగతి. వచ్చే ఏడాది మొగ్గ తయారయ్యేది ఈ ఆకులు వండిపెట్టిన ఆహారంతోనే. పూలు వాడాక ఆరు నుంచి ఎనిమిది వారాలు, అవి పండి పసుపు తిరిగేదాకా కొయ్యకూడదు, జడలు అల్లకూడదు, రబ్బరు బ్యాండ్ వేయకూడదు. రెండో ఏడాది పూయలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం మే నెలలో లాన్ కోసే మెషీన్. లాన్ మధ్యలో నాటితే జూన్ దాకా అక్కడ గడ్డి కోయలేరు. గడ్డి ఎత్తు మీద రూల్స్ పెట్టే కమ్యూనిటీలో ఉంటే లాన్‌లో నాటడం మానేయండి, పూలపాదుల్లోనే పెట్టండి. ఎండే ఆకులు కనబడకుండా పక్కన హోస్టా, డేలిలీ నాటమని చాలాచోట్ల చెప్తారు. జింకలు ఆ రెండింటినీ ఇష్టంగా తింటాయి. జింకల ఊళ్ళో క్యాట్‌మింట్, పియొనీ మేలు.

ఏ రకమో ఇంకా తేలకపోతే కొనకుండా ఒక వసంతం ఆగి చూడండి. న్యూజెర్సీలో సమ్మిట్‌లోని రీవ్స్-రీడ్ ఆర్బొరీటంలో గిన్నెలా పల్లంగా ఉన్న మైదానమంతా ఏప్రిల్‌లో డాఫోడిల్సే. బ్రాంక్స్‌లోని న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో డాఫోడిల్ హిల్ ఉంది. బొటానికల్ గార్డెన్లలో చాలావరకు మొక్కలకి పేర్ల పలకలు ఉంటాయి. నచ్చినదాన్ని పలకతో సహా ఫోటో తీసుకుంటే సెప్టెంబర్‌లో కొనడం సులువు.

ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు, కుక్కలు ఉంటే

ఈ విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను. డాఫోడిల్ గడ్డ అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది, లేత ఆకులు ఉల్లికాడల్లా ఉంటాయి. ఉల్లిపాయ అనుకుని వండుకుని ఆసుపత్రి పాలైనవాళ్ళు నిజంగా ఉన్నారు. 2015లో బ్రిటన్ ప్రజారోగ్య శాఖ, డాఫోడిల్స్‌ని కూరగాయల దగ్గర పెట్టి అమ్మొద్దని సూపర్‌మార్కెట్లని హెచ్చరించింది. ఉడికించినా విషం పోదు. మన ఇళ్ళలో వసంతంలోనే అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తారు, పెరట్లో కనిపించిన ఆకుకూర కోయడం వాళ్ళకి అలవాటు. కాబట్టి కొత్తిమీర, మెంతికూర, ఉల్లి వేసే మడికి దూరంగా నాటండి, వాళ్ళకి చూపించి చెప్పండి. నాటేదాకా గడ్డల్ని గరాజ్‌లో పేరు రాసిన సంచిలో ఉంచండి, ఉల్లిపాయల బుట్ట దరిదాపుల్లో వద్దు. మట్టి తవ్వే అలవాటున్న కుక్క ఉంటే నాటిన చోట మీద కోళ్ళ గూళ్ళకి కట్టే తీగ వల (చికెన్ వైర్) పరిచి మట్టి కప్పండి, మొలకలు దాని సందుల్లోంచే వస్తాయి. ఎవరైనా తింటే అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222. చర్మం సున్నితంగా ఉంటే కాడలు కోసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, జిగురుకి దురద వస్తుంది.

హైదరాబాద్, విజయవాడలో ఉన్నవాళ్ళు

పెద్ద పసుపు డాఫోడిల్స్ మన దగ్గర నేలలో రావు. వాటికి కావలసిన మూడు నెలల చలి హైదరాబాద్‌లో కూడా లేదు. ఇండియాలో వాటిని చూడాలంటే కశ్మీర్ లాంటి చలి ప్రాంతాలకి వెళ్ళాలి. శ్రీనగర్ ట్యులిప్ గార్డెన్‌లో మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా ట్యులిప్‌లతో పాటు డాఫోడిల్స్ కూడా పూస్తాయి.

ఇంట్లోనే కావాలంటే పేపర్‌వైట్ ఒక్కటే ప్రయత్నించదగ్గది. దానికి చలి అక్కర్లేదు. డిసెంబర్‌లో, వెడల్పు గాజు గిన్నెలో గులకరాళ్ళ మీద గడ్డలు పెట్టి, నీళ్ళు గడ్డ అడుగుని మాత్రమే తాకేలా పోయండి. ఇంట్లో చల్లగా, వెలుతురు బాగా పడే కిటికీ దగ్గర ఉంచితే సుమారు నాలుగు నుంచి ఆరు వారాల్లో తెల్లటి గుత్తులు పూస్తాయి. కాడలు పొడుగు సాగి పడిపోవడం దీంతో ఇబ్బంది. వేళ్ళు వచ్చాక మామూలు నీళ్ళ బదులు 4 నుంచి 6 శాతం ఆల్కహాల్ కలిపిన నీళ్ళు పోస్తే కాడలు పొట్టిగా నిలబడతాయని కార్నెల్ యూనివర్సిటీలో పరీక్షించి చూపించారు. వాసన ఘాటుగా ఉంటుంది, పడక గదిలో వద్దు. పూత అయ్యాక ఆ గడ్డ మళ్ళీ పూస్తుందని ఆశపడకండి.

ఏటా కుండీలో తిరిగి రావాలంటే డాఫోడిల్ కుటుంబానికే చెందిన రెండు గడ్డమొక్కలు మన వేడికి సరిపోతాయి. వేసవి మొదట్లో పెద్ద ఎర్రటి బాకాలు పూసే హిప్పియాస్ట్రమ్ ఒకటి, నర్సరీల్లో దీన్ని అమరిల్లిస్ లిల్లీ అంటారు. తొలకరి పడగానే గులాబీ, తెలుపు, పసుపు రంగుల్లో పూసే రెయిన్ లిల్లీ రెండోది. రెండూ నర్సరీల్లో చవకగా దొరుకుతాయి. అమెరికా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో డాఫోడిల్ గడ్డలు మాత్రం వేసుకురాకండి. మొక్కలు, గడ్డలు ఇండియాకి తేవాలంటే దిగుమతి పర్మిట్, వాటికి చీడపీడలు లేవని తెలిపే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి.